డార్సీ గారి తోడల్లుణ్ణి చంపకండి

'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' 1813లో అచ్చయింది. జేన్ ఆస్టిన్ దాని హక్కుల్ని ప్రచురణకర్తకి 110 పౌండ్లకి అమ్మేసింది (150 అడుగుదామనుకుంది పాపం). ఇప్పుడది ఎవరి సొత్తూ కాదు, మన భాషలో చెప్పాలంటే ఓపెన్ సోర్స్. ఎవరైనా ఫోర్క్ చేసుకోవచ్చు. చేసుకుంటున్నారు కూడా. నాకు ఒళ్ళు మండేది ఒక్క రకం ఫోర్కు మీదే. పెళ్ళయి హాయిగా కాపురం చేసుకుంటున్న డార్సీ, ఎలిజబెత్‌ల ముందు ఒక శవాన్ని పడేసి, "ఊఁ, పట్టుకోండి హంతకుణ్ణి" అనే రకం.

ఇవి ఒకటీ అరా అయితే పోనీలే అనుకోవచ్చు. కారీ బెబ్రిస్ 2004లో డార్సీ పెళ్ళిరోజు నుంచి మొదలుపెట్టి 2015 దాకా ఏడు పుస్తకాలు రాసింది. పి.డి. జేమ్స్ అంతటి మహాతల్లి 91వ ఏట, 2011లో, 'డెత్ కమ్స్ టు పెంబర్లీ' రాసింది. అందులో ఆస్టిన్ ఆత్మకి ముందుగానే క్షమాపణ కూడా చెప్పుకుంది. 2013లో బీబీసీ వాళ్ళు దాన్ని సీరియల్ తీశారు. 2022లో క్లాడియా గ్రే 'ది మర్డర్ ఆఫ్ మిస్టర్ విక్‌హామ్'తో ఇంకో సిరీస్ మొదలెట్టింది. చివరి పేరు గమనించారా? అసలు గొడవంతా అక్కడే ఉంది.

అసలు నవల చదవనివాళ్ళ కోసం విక్‌హామ్ ఎవరో రెండు ముక్కల్లో చెప్తాను. మాటకారి, అందగాడు, పరమ మోసగాడు. డార్సీ తండ్రి రాసిచ్చిన 1,000 పౌండ్లు, ఆ పైన చర్చి ఉద్యోగానికి బదులుగా పుచ్చుకున్న 3,000 పౌండ్లు తగలేశాడు. 30,000 పౌండ్ల ఆస్తి ఉందని డార్సీ చెల్లెల్ని, పదిహేనేళ్ళ పిల్లని, లేవదీసుకుపోబోయాడు. అది కుదరలేదు. ఆ తర్వాత ఎలిజబెత్ చెల్లెలు లిడియాని లేవదీసుకుపోయాడు. పరువు నిలబెట్టడానికి డార్సీ వాడి అప్పులు తీర్చి, డబ్బిచ్చి, సైన్యంలో ఉద్యోగం కొనిపెట్టి మరీ పెళ్ళి చేశాడు. అంటే తన జన్మశత్రువుకి కట్నమిచ్చి తోడల్లుణ్ణి చేసుకున్నాడన్నమాట!

ఇంగ్లీషులో బావకీ, బావమరిదికీ, మరిదికీ, తోడల్లుడికీ అందరికీ కలిపి ఒకటే మాట. మనకా బాధ లేదు. తోడల్లుడు (షడ్డకుడు అనండి, మీ వైపు ఏదంటే అది) అనగానే మనకి మొత్తం బొమ్మ కనిపిస్తుంది. ప్రతి పండక్కీ పక్కన కూర్చోవాలి. అత్తగారి ముందు నవ్వాలి. వాడు అప్పడిగితే భార్య మొహం చూసి ఇవ్వాలి. ఆస్టిన్ చివరి అధ్యాయంలో చూపించింది సరిగ్గా ఇదే. లిడియా అక్కకి పెళ్ళి శుభాకాంక్షలు రాస్తూ, అదే ఉత్తరంలో మొగుడికి ఏడాదికి మూడు నాలుగొందల పౌండ్లొచ్చే కొలువేదైనా చూడమంటుంది. డార్సీకి చెప్పకపోయినా ఫర్వాలేదట! ఎలిజబెత్ తన ఖర్చుల్లో మిగిల్చి డబ్బు పంపుతూనే ఉంటుంది. డార్సీ వాణ్ణి గుమ్మం తొక్కనివ్వడు గానీ ఉద్యోగానికి మాత్రం సాయం చేస్తాడు. బింగ్లీ అంతటి మంచాడే, వాళ్ళిద్దరూ వచ్చి తిష్ఠ వేస్తే, ఇక బయల్దేరమని సూచనగా చెప్పేద్దామా అని మాట్లాడే దాకా వస్తాడు.

ఆ నవల్లో దుర్మార్గుడికి శిక్ష లేదు. వాడు చుట్టమైపోయాడు, అంతే. రెండొందల ఏళ్ళ తర్వాత కూడా ఆ ముగింపు నిజమనిపించేది అందుకే.

ఇప్పుడు మర్డర్ మిస్టరీ పనితీరు చూడండి. మన టికెటింగ్ సిస్టమే అది. హత్య జరిగింది, టికెట్ ఓపెన్. అనుమానితులు, ఆధారాలు, రూట్ కాజ్. హంతకుడు దొరికాడు, టికెట్ క్లోజ్. దానికి చచ్చినా ఎవరూ ఏడవని శవమొకటి కావాలి. విక్‌హామ్ కన్నా అనువైనవాడు ఎవరున్నారు? గ్రే అదే చేసింది. డబ్బు విషయంలో అందరినీ ముంచినవాణ్ణి ఒక విందు ఇంటికి తెచ్చి చంపేసింది. డార్సీ నెత్తిన జన్మంతా ఉండాల్సిన బరువు ఒక్క రాత్రిలో దిగిపోయింది!

జేమ్స్ చంపలేదు, ఇంకా తెలివిగా చేసింది. (కథ తెలుసుకోకూడదనుకుంటే ఈ పేరా వదిలెయ్యండి.) ఆమె నవల్లో విక్‌హామ్ స్నేహితుడు డెన్నీ హత్యకి గురవుతాడు, నేరం విక్‌హామ్ మీద పడుతుంది. చివరికి హంతకుడెవరయ్యా అంటే పెంబర్లీ పాత బండివాడి కొడుకు. ఎలాగూ రోగంతో చావుకి సిద్ధంగా ఉన్నాడు కాబట్టి ఒప్పుకోలు రాసిచ్చి చచ్చిపోతాడు. విక్‌హామ్‌ని పెళ్ళాంతో సహా ఓడెక్కించి వర్జీనియాకి పంపేస్తారు. దొరల ఇల్లు శుభ్రం. పోయిందల్లా ఒక పనివాడి కొడుకు.

ఇది నాకు ఏమాత్రం మింగుడుపడదు. ఎందుకంటే ఆ రోజుల్లో హత్య అంటే తమాషా కాదు. లండన్ పోలీసు వచ్చిందే 1829లో, డిటెక్టివ్ విభాగం 1842లో. పల్లెల్లో మేజిస్ట్రేటంటే ఊరి భూస్వామే. రెండొందలకి పైగా నేరాలకి ఉరిశిక్ష ఉండేది. పెద్ద నేరాల్లో ముద్దాయి తరఫు లాయరు జ్యూరీతో నేరుగా వాదించే హక్కు 1836 దాకా లేదు. అలాంటి చోట దొరగారింట్లో శవం దొరికితే ముందు వణికేది వంటింట్లో వాళ్ళే. ఆ వణుకు మధ్యలో నిలబడి రాసిన మిస్టరీ ఒక్కటి తెచ్చివ్వండి, చదివి దణ్ణం పెడతాను. ఈ పుస్తకాల్లో భూస్వాములే డిటెక్టివులు, టీ కప్పులు పట్టుకుని కూపీలు లాగుతుంటారు.

"ఏంటండీ ఇంత సీరియస్సు, కాలక్షేపానికి చదువుకునేవేగా" అంటారు. కాలక్షేపానికే అయితే కొత్త పేర్లతో రాసుకోవచ్చుగా? పెంబర్లీ బ్రాండు కావాలి, ఎలిజబెత్ మాత్రం అక్కర్లేదు. ఆమె ఎవరు? విక్‌హామ్ మొదటి పరిచయంలోనే చెప్పిన కట్టుకథని నమ్మేసిన మనిషి. డార్సీ ఉత్తరాన్ని ఆధారం పరిశీలించినట్టు మళ్ళీ మళ్ళీ చదివి, తప్పు తన చూపులోనే ఉందని కనిపెట్టిన మనిషి. ఆస్టిన్ ఆ దర్యాప్తు ఎప్పుడో పూర్తి చేసింది. అందులో డిటెక్టివే ముద్దాయి. ఆ తర్వాత ఆమె చేతికి భూతద్దమిచ్చి పక్కవాళ్ళ తప్పులు వెతికించడమంటే ప్రమోషన్ అనుకున్నారేమో గానీ, డిమోషనే.

షెర్లాక్ హోమ్స్‌ని ఎవరెన్ని కేసులకి పొడిగించినా నాకు అభ్యంతరం లేదు. అతన్ని పుట్టించిందే కేసుల కోసం.

ఆస్టిన్ కథని మళ్ళీ తెరవడమే తప్పని కూడా నేననను. జో బేకర్ 2013లో 'లాంగ్‌బోర్న్' రాసింది. అదే ఇల్లు, అదే కథ, కానీ పనిపిల్ల సారా వైపు నుంచి. ఆ అక్కచెల్లెళ్ళ బట్టలు ఉతికి ఉతికి చలికి చేతులు పగిలిన పిల్ల. శవం, భూతద్దం లేకుండానే ఆ ఇంట్లో మనకి కనబడకుండా దాచిందేమిటో బయటపెట్టింది. కావలిస్తే ముందు అది చదవండి.