కొన్న లింకుకి పేరేంటి?

ఫిల్మ్‌నగర్‌లో సినిమా పబ్లిసిటీ అంటే ఒకప్పుడు గోడ మీద పోస్టర్. అది నిర్మాత అతికించిందని చిన్నపిల్లాడికీ తెలుసు. ఇప్పుడు వెబ్‌సైట్లో డబ్బు తీసుకుని రాసిన వార్తకీ, మామూలు వార్తకీ తేడా తెలియట్లేదు. అందులో పెట్టే లింకు సంగతి ఇంకా గమ్మత్తు.

1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్ మొదలుపెట్టినప్పుడు ఒక్కో లింకునీ ఓటులా లెక్కేశారు. ఓటుకి నోటు మనకి కొత్తా? లింకులూ అమ్ముడుపోయాయి. కొన్న లింకుకి కోడ్‌లో 'నోఫాలో' గానీ, 2019లో వచ్చిన 'స్పాన్సర్డ్' గానీ పెట్టాలన్నది గూగుల్ రూలు. 2012లో తన క్రోమ్ ప్రచారంలోనే కొన్న లింకు బయటపడితే, సొంత పేజీనే కనీసం 60 రోజులు కిందకి దించింది. మెచ్చుకోవాల్సిందే.

"మరి గూగుల్ పైన యాడ్స్ అమ్ముకోవచ్చా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే, కానీ ఆ యాడ్ మీద 'స్పాన్సర్డ్' అని రాసుంటుంది కదా! నా గొడవ వేరే. కోడ్‌లో గుర్తు యంత్రానికి కనిపిస్తుంది, టికెట్ కొనే మనకి కాదు. గూగుల్ రూలు తు.చ. తప్పకుండా పాటించిన సైటు కూడా మనల్ని బుట్టలో వేయొచ్చు.

జూబ్లీహిల్స్‌లో పెద్ద ఆఫీసు, ప్రచారానికి లక్షలు లేని చిన్న సినిమా నలిగేది ఇక్కడే. దాని గురించి ఎవరో ఇష్టంగా రాసిన రివ్యూ, కొన్న పేజీల కింద పడుంటుంది.

అమ్ముకోవద్దనట్లేదు. మొదటి లైన్లోనే 'ఇది ప్రకటన' అని తెలుగులో రాయండి. సోషల్ మీడియా ఇన్‌ఫ్లుయెన్సర్లకి 2021లోనే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఇలాంటి నియమం పెట్టింది. పార్ట్‌టైమ్‌గా ఇలాంటివి రాస్తున్న మన క్లబ్ మిత్రులూ, పేమెంట్ మాట్లాడుకునేటప్పుడే ఈ లైను సంగతి కూడా అడగండి.