దుర్గం మీద హస్కీకేం పని?

"కుక్క కూడా ఇంట్లో మనిషే కదండీ, దానికి మాత్రం కొండగాలి అక్కర్లేదా?" అని మొన్న ఆత్మకూరులో టీ అంగడి దగ్గర ఒక కుర్రాడు నన్ను నిలదీశాడు. ఉదయగిరి దుర్గం ఎక్కి, శని ఆదివారాలు గుడారం వేసుకుని ఉండి వస్తారట. కారు వెనక సీట్లో ఒక సైబీరియన్ హస్కీ నాలుక వేలాడేసి రొప్పుతోంది. మార్చి ఆఖరు. పొద్దున పదిన్నరకే రోడ్డు మీద అరికాలు ఆనడం లేదు.

ఇప్పుడు ఇదొక ఫ్యాషన్ అయింది. కుక్కను కొండకు తీసుకెళ్లినవాడికి ప్రేమ ఉన్నట్టు, ఇంట్లో ఉంచినవాడు కసాయి అయినట్టు మాట్లాడుతున్నారు. ఇది ప్రేమ కాదు, హింస.

హస్కీది మంచుదేశం, రెండు పొరల బొచ్చు. మనకు ఒళ్లంతా చెమట పోస్తుంది. కుక్కకు పాదాల కింద కాస్త పడుతుంది, అంతే. మిగతా వేడంతా రొప్పి దించుకోవాల్సిందే. దాని మామూలు ఒంటి వేడి 101, 102 డిగ్రీల ఫారన్‌హీట్. 106 దాటిందంటే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. చప్పిడి ముక్కు పగ్‌కైతే రొప్పడమే కష్టం. 3,079 అడుగుల దుర్గాన్ని ఆ ఎండలో ఎక్కిస్తారా? బూట్లు తొడుక్కున్న మీకు బండ ఎంత కాలిందో తెలియదు, ఉత్త కాళ్ల జీవికి తెలుస్తుంది. నీళ్ల సీసాలు తెచ్చాం కదా అంటారు. వడదెబ్బ తగిలితే పశువుల డాక్టరు కొండ మీద దొరుకుతాడా? మోసుకుని దిగేలోపే ప్రాణం పోతుంది.

గొర్రెల కాపరుల వెంట కుక్కలు తిరగడం లేదా అని ఇంకొక వాదం. తిరుగుతాయి. ఆ కుక్క ఈ ఎండలోనే పుట్టింది. కాపరి తెల్లారకముందే మందను తోలి, ఎండ ముదిరేసరికి చెట్టు కిందికి చేరతాడు. ఆయన బతుకుతెరువునూ మీ సరదానూ ఒకే గాటన కట్టకండి.

నా అసలు కోపం నీళ్ల దగ్గర. ఎండలు ముదిరితే ఈ దుర్గం ఉన్న వెలిగొండల్లో వాగులు ఎండిపోతాయి. కోనల్లో, బండల మధ్య మడుగులు మాత్రం అక్కడక్కడా మిగులుతాయి. ఎలుగు, చిరుత, అడవిపంది, ఏదైనా చీకటిపడ్డాక అక్కడికే దిగాలి. మీ గుడారమూ ఆ మడుగు పక్కనే! కుక్క మొరుగుతుంటే ఏ జంతువు దిగుతుంది? దాహంతోనే వెనక్కి పోతుంది. పిల్లలున్న ఎలుగైతే పోదు, మీద పడుతుంది. దాన్ని రెచ్చగొట్టిన కుక్క ప్రాణభయంతో యజమాని దగ్గరికే పరిగెత్తుకొస్తుంది, వెనకాలే ఎలుగు. రోగాల సంగతీ ఉంది: 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో కుక్కల డిస్టెంపర్ సోకి దాదాపు వెయ్యి సింహాలు పోయాయి. ఇక ఎండుగడ్డి మధ్య పొయ్యి రాజేయడం గురించి వేరే చెప్పాలా?

ఇంకొక మాట అనకపోతే నా కడుపుమంట చల్లారదు. ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కి బతికే కుటుంబాలున్నాయి. ఆ పనితనానికి 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊళ్లోంచే వెళ్లి, ప్లాస్టిక్ చెంచాలతో బిర్యానీ తిని, వాటిని కోటగోడ పక్కన పారేసి వస్తారు. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట అది. ఇక్కడి బాలకృష్ణుణ్ణి తీసుకెళ్లి హంపీలో గుడి కట్టించాడు. ఆ చరిత్రలో ఒక్క ముక్క అడగరు. కుక్కతో ఫొటో దిగడానికి మాత్రం ఆ గోడే కావాలి.

కొండ ఎక్కొద్దని నేననను. వానలు వెనకబట్టాక, చలికాలంలో రండి. అటవీశాఖను అడిగి, ఊరి మనిషిని తోడు తీసుకుని ఎక్కండి, పొద్దుగూకేలోపు దిగండి. చెంచాలు ఉదయగిరిలోనే కొనండి. కుక్కను ఇంట్లో చల్లని చోట, చూసుకునే మనిషి దగ్గర వదిలి రండి. మంచిమాటతో వినకపోతే మార్చి నుంచి వానలు పడేదాకా కుక్కలతో వచ్చేవాళ్లను కొండ కిందే ఆపాలి. ఆపగలిగిన అధికారులు ఈ ఎండాకాలమే ఆ పని మొదలుపెట్టాలి.