సెకండ్ హ్యాండ్ ప్రోగ్రామర్ కొన్నారా? ముందు వోల్టేజ్ చూడండి!
కరీంనగర్‌లో ఓ ఫ్రెండ్ దగ్గర పాత సీహెచ్341ఏ ప్రోగ్రామర్ కొన్నా. యూఎస్‌బీ పిన్ ఊగుతోంది, టంకం వేస్తే సెట్ అయింది. అసలు ప్రాబ్లం వేరే. ల్యాప్‌టాప్ బయోస్‌కి వాడే డబ్ల్యూ25క్యూ64 లాంటి చిప్‌లు 2.7 నుంచి 3.6 వోల్టుల్లో నడిచేవి. ఈ నల్ల బోర్డుల్లో చాలావాటికి డేటా లైన్లలో 5 వోల్టులు వస్తాయి. మల్టీమీటర్ పెడితే నాదీ అంతే! ఐసీ 28వ పిన్‌ను బోర్డు నుంచి లేపి, 9వ పిన్‌తో పాటు 3.3 వోల్టులకు కలిపా.

‘మాది బాగానే పనిచేస్తోంది కదా’ అంటారు చాలామంది. చిప్ వెంటనే పోకపోవచ్చు, కానీ దోస్తు ల్యాప్‌టాప్‌తో జూదం ఆడే హక్కు మనకెక్కడిది? నా మాటైతే ఒక్కటే: ముందు వోల్టేజ్ కొలవండి. చిప్‌ని రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ అచ్చం ఒకేలా ఉంటేనే ఎరేజ్ నొక్కండి.