వేరు చూడని వనరక్షణ

2021వ సంవత్సరమున తెలంగాణమున వేపచెట్లు కొమ్మల చివళ్లనుండి మాడిపోవుట ఎల్లరకును కనబడినది. నల్లగొండలోను, మహబూబ్‌నగరులోను ఇంటిముందరి వేప ఎండినదని చింతింపనివారు లేరు. వ్యవసాయ శాస్త్రజ్ఞులు పరిశీలించి ఫోమాప్సిస్ అను శిలీంధ్రము అందులకు ముఖ్యకారణమని చెప్పిరి. పెక్కుచెట్లు మరల చిగిర్చినవి. దానితో మన చింతయు చల్లారినది. కాని కొమ్మకు వచ్చిన తెగులు కంటికి కనబడును, వేరునకు వచ్చినది కనబడదు. ఆ కనబడనిదానిని విచారించు బాధ్యత ఎవరిది?

ఈ విషయమున నల్లగొండ బత్తాయి రైతు మనకు గురువు. ఆకు పసుపువారి కొమ్మ యెండుచుండగా అతడు మొదలు త్రవ్వి చూచును. ఫ్యుజేరియమ్ వలన కలుగు ఎండు వేరుకుళ్లు అతనికి క్రొత్తది కాదు. కుళ్లిన వేళ్లను తొలగించును. పశువుల యెరువులో ట్రైకోడెర్మా కలిపి వేయును. నీరు నిలువకుండ కాలువ తీయును. తోటకు యజమాని యున్నాడు. అడవికెవరు? పాత మహబూబ్‌నగరు, నల్లగొండ జిల్లాలలో 2,611 చదరపు కిలోమీటర్లు వ్యాపించిన అమ్రాబాదు పులుల అభయారణ్యమున ఒక వృక్షము కూలినచో, గాలి కూల్చినదని తీర్పు చెప్పి ఊరకుందుము.

గానోడెర్మా అను శిలీంధ్రము తుమ్మ, దిరిసెన, సిస్సూ మొదలగు చెట్ల వేళ్లను కుళ్లించును. కొట్టివేసిన చెట్టు మోడులో ఏండ్లతరబడి జీవించి, వేరు వేరును తాకినచోట ప్రక్కచెట్టునకు ప్రాకును. చెట్టు మొదట చెక్కవంటి గొడుగు లేచునప్పటికి లోపలి వేళ్లు చాలవరకు చెడియుండును. మాక్రోఫోమినా మన ఆముదము, జొన్న రైతులకు పాతశత్రువు. అది నారుమళ్లలోని చెట్లమొక్కలను గూడ చంపును. దాని నల్లని నలుసులు ఎండిన నేలలో ఏండ్లకొలది నిలిచియుండి, నేల 30–35 డిగ్రీల వేడినొందినపుడు చెలరేగును.

ఇక శీతోష్ణస్థితి సంగతి. 2011–2020 దశాబ్దమున భూతలపు సగటు వేడి 1850–1900 నాటికన్న 1.1 డిగ్రీలు హెచ్చినదని అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘము 2021లో ప్రకటించినది. వేడియెక్కిన గాలి డిగ్రీ యొక్కింటికి సుమారు నూటికి ఏడుపాళ్లు హెచ్చుగా ఆవిరిని పట్టుకొనును. కావున ఎండ ముదురును. కురిసిన వాన కుంభవృష్టియగును. 2015లో మహబూబ్‌నగరు కరవును చూచితిమి. 2020 అక్టోబరులో తెలంగాణమున అతివృష్టిని చూచితిమి. ఎండకు చెట్టు ఆకురంధ్రములను మూసికొనును. ఆహారము తగ్గి, తెగులు నెదుర్కొను శక్తి సన్నగిల్లును. పిమ్మట నీరు నిలిచినచో వేళ్లకు గాలి చాలక సన్నవేళ్లు చచ్చును. శత్రువునకు ద్వారము తెరువబడును.

ఐనను వేడి ప్రతి శిలీంధ్రమునకును మేలు చేయదు. వేళ్లనంటి చెట్టునకు నీరు, పోషకము లందించు మిత్రశిలీంధ్రములును కలవు. కావున ఊహచే తీర్పు చెప్పరాదు, సాక్ష్యము సేకరింపవలెను. మా కోరిక యంతయు ఇదియే.

2015లో హరితహారము 230 కోట్ల మొక్కల లక్ష్యముతో ప్రారంభమైనది. నాటినవాని లెక్కతోబాటు బ్రదికినవాని లెక్కయు, చచ్చినవాని కారణమును ప్రకటింపవలదా? ధనమెక్కడిదని యందురేమో. 2017 డిసెంబరులో మహబూబ్‌నగరు పిల్లలమర్రి కొమ్మ చెదలవలన విరిగిపడగా, మరుసటి యేట ఆ మ్రానునకు సెలైను సీసాలతో మందెక్కించిరి. ఆ వైద్యము మెచ్చదగినదే. కాని పేరుగాంచిన ఒక్క చెట్టునకు కొమ్మ విరిగిన తరువాత దొరకిన వైద్యుడు, పేరులేని అడవికి వేరు కుళ్లకమునుపే దొరకవలెను.

అటవీశాఖ ప్రతి డివిజనులోను కూలిన చెట్ల వేళ్లను పరీక్షింపించి ఫలితములను తెలుగున ప్రచురింపవలెను. ములుగు అటవీ కళాశాల విద్యార్థుల కీపని యప్పగింపవచ్చును. ఒకే జాతిని బారులుగా నాటుట మాని, నేలకు తగిన పలుజాతులను కలిపి నాటవలెను. రోగముతో కూలిన చెట్టు మోడును వేళ్లతో పెకలింపవలెను. వీధిచెట్ల మొదళ్లకు సిమెంటు పోయుటను పురపాలకసంఘములు నేడే మానవలెను.

గ్రంథాలయములలో ఈ పత్రిక చదువు సోదరులారా! మీ వాడలో ఎండుచున్న చెట్టును గుర్తించి, తేదీతో పుస్తకమున వ్రాసియుంచుడు. ఆ పుస్తకమును చేతబట్టి అధికారులను ప్రశ్నింపుడు. వ్రాతమూలకమైన సాక్ష్యమును త్రోసిపుచ్చుట ఎట్టి అధికారికిని సులభము కాదు.