అంటుమొక్కకు తల్లి యెవరు?

మనలో నెవరైనను ఎద్దును కొనవలసివచ్చినపుడు ఏమి చేయుదుము? సుడులు చూతుము, పండ్లు లెక్కింతుము, కాడికట్టి నాలుగు చాళ్లు దున్నించి గాని బేరము ముగింపము. అట్టి మనమే బత్తాయితోట వేయదలచినపుడు మాత్రము లారీలో వచ్చిన అంటుమొక్కలను, ఆకు పచ్చగానున్నది, ధర చవుకగా నున్నదని మారుమాట లేక దింపుకొనుచున్నాము. ఎద్దు తప్పుదైన సంతలో మార్చుకొనవచ్చును. చెట్టు తప్పుదని తెలియుసరికి అయిదారేండ్ల నీరు, ఎరువు, కూలి నేలపాలగును. సంఘము నొద్ద తెచ్చిన అప్పు మాత్రము నిలిచియుండును.

నల్లగొండవారు బత్తాయి యందురు. అనంతపురము, కడప ప్రాంతములవారు చీనీ యందురు. పేరేదైనను మనము ప్రధానముగా పెంచునది సాత్‌గుడి రకమే. దాని అంటుమొక్క యందు రెండు ప్రాణము లొకటిగా నతుకబడియున్నవి. క్రిందిది విత్తునుండి మొలచిన జంబేరి గాని రంగపూరు నిమ్మ గాని. మీదిది సాత్‌గుడి చెట్టునుండి కోసితెచ్చి యతికించిన ఒక్క కన్ను. రాబోవు కొమ్మ, ఆకు, పూత, కాయ యన్నియు ఆ కన్నునుండి పుట్టునవే. కావున ఆ కన్ను నిచ్చిన చెట్టే మన తోటకు తల్లి.

తల్లి గుణముతోపాటు తల్లి రోగమును వచ్చును. గ్రీనింగు తెగులునకు కారణమైన సూక్ష్మజీవియు, ట్రిస్టెజా యను వైరసును చెట్టునందు ఆహారరసము ప్రవహించు నాళములలో కాపురముండును. రోగపుచెట్టునుండి కోసిన కన్ను వానిని క్రొత్తమొక్కలోనికి మోసికొనిపోవును. గ్రీనింగు అంటుద్వారా సంక్రమించునని చైనాదేశపు శాస్త్రజ్ఞుడు లిన్ కుంగ్‌సియాంగ్ 1956లో ప్రకటించెను. తోటలో చేరినపిదప గ్రీనింగును సిల్లా పురుగును, ట్రిస్టెజాను పేనుబంకయు చెట్టునుండి చెట్టునకు చేర్చును. ఒకరి తోటలో దిగిన రోగము పొరుగువాని గట్టునొద్ద ఆగదు. కనుకనే ఇది ఒక్కొక్క రైతు విచారము గాక సంఘమంతటి విచారమైనది.

ఆకు మధ్య ఈనెకు ఇరుప్రక్కల సమానముగా లేని పసుపుమచ్చలు, వంకరతిరిగిన చిన్నకాయలు, పండినను ఒకవైపు పచ్చదనము వీడని తొక్క, చేదెక్కిన రసము — ఇవి గ్రీనింగు చిహ్నములు. జింకు లోపమువలన గూడ ఆకు పసుపెక్కును. కాని ఆ పసుపు ఈనెకు రెండువైపులను ఒకే తీరున నుండును. అనుమానము తీరవలెనన్న ఆకును ప్రయోగశాలలో పరీక్షింపవలయును. గ్రీనింగని తేలినచో ఆ చెట్టును పూర్తిగా బాగుచేయు మందు నేటికిని లేదు.

ఇది వట్టి భయపెట్టుమాట గాదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున గ్రీనింగు 2005లో కనబడెను. అంతకు ముందు, 2003-04లో, అచ్చటి నారింజ దిగుబడి 24 కోట్ల 20 లక్షల పెట్టెలు. 2023-24 నాటికి అది ఇంచుమించు 1 కోటి 80 లక్షల పెట్టెలకు పడిపోయెను. తుపానులు చేసిన నష్టమును ఇందులో కొంత కలదు. కాని తోటల నడుము విరిచినది ఈ తెగులే.

అదే దేశమున దీనికి మారుకథయు నున్నది. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ గ్రామమునకు 1873లో బ్రెజిల్ జాతి గింజలేని నారింజ మొక్కలు కొద్దిగా చేరినవి. వాని కన్నులతో కట్టిన అంట్లే ఆ ప్రాంతమంతటను తోటలైనవి. ఆ తల్లిచెట్లలో నొకటి నేటికిని సజీవముగా నున్నది. సిల్లా పురుగు తాకకుండ దానికి తెర కట్టి కాపాడుచున్నారు. ఆ ప్రాంతపు తోటల రైతులే 1893లో తమ పండ్లను తామే అమ్ముకొనుటకు సహకార సంఘము నేర్పరచుకొనిరి. తరువాత సన్‌కిస్ట్ యను పేరొందినది ఆ సంఘమే.

మన సంఘమును మూడు పనులు పూనవలయునని నా యభిప్రాయము. మొదటిది: పరిశోధనాస్థానముల నుండి పరీక్షించిన కన్నులు తెచ్చి, కొద్దిపాటి తల్లిచెట్లను పురుగు దూరని వలపందిరి క్రింద పెంచి, వానిని ఏటేట పరీక్ష చేయించుట. రెండవది: సభ్యులనుండి ముందుగా బయానా తీసికొని ఆ మేరకే అంట్లు కట్టించి, ప్రతి మొక్కకును తల్లిచెట్టు సంఖ్య గల చీటీ కట్టి, ఆ సంఖ్యను పుస్తకమున వ్రాసియుంచుట. మూడవది: తోట కిచ్చు అప్పును చీటీ గల మొక్కలకే యిచ్చుట.

ఈ మూడవదానిని కొందరు సభ్యులు కఠినమందురు. కాని చెట్టు కాయనిచో రైతు అప్పు తీర్చలేడు; రైతు తీర్చలేనిచో నష్టపడునది మన వాటాధనమే. ధర హెచ్చునని మరికొంద రందురు. 20 అడుగుల యెడమున నాటిన ఎకరమునకు ఇంచుమించు 108 మొక్కలు పట్టును. మొక్కకు 40 రూపాయ లధికమైనను ఎకరమునకు 4,320 రూపాయలు. చచ్చిన తోటను పెరికించి మరల నాటుటతో పోల్చిన నిది యెంత? మొక్కలమ్మువాడు మనకు తెలిసిన నమ్మకస్థుడే యందురు. కావచ్చును, కాని రోగమున్న కన్ను వాని కంటికిని కనబడదు.

మంచి మొక్క యొక్కటియే సర్వమును కాదు. అతుకు మట్టిలో పూడకుండవలయును; మొదలునకు నీరు తగులకుండ పాదు చేయవలయును; చిగురు వేయు ప్రతిసారియు సిల్లా పురుగును కనిపెట్టవలయును. ఇవి యన్నియు నాటినపిదప చేయు పనులు. నాటకముందు చేయవలసిన పని యొక్కటే: ఈ మొక్కకు తల్లి యెవరని అడుగుట. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు తెచ్చి తీర్మానింపవలసినదిగా సభ్యుల నందరిని కోరుచున్నాను.