వీనిని బయటికేల తెచ్చితివి?

మొయినాబాదు మండలములోని చిన్న మంగళారమున బస్సు కొరకు నిలిచియున్న గుంపులో మొన్న మేమును ఉంటిమి. తల్లి చేయి పట్టుకొని 15 ఏండ్ల బాలుడొకడు వచ్చెను. ఏపుగా నెదిగిన మనిషి, నూనూగు మీసము. అయినను చేతులు ఆడించుచు, ఎవరి మొగమును చూడక, ఏదో గొణుగుకొనుచుండెను. ఒక ఇల్లాలు తన పాపను కొంగుచాటునకు లాగుకొనెను. ఒకరు గాలి సోకినదనిరి; ఒకరు కల్లు త్రాగినాడేమో యనిరి. చేత వార్తాపత్రిక పట్టుకొన్న పెద్దమనిషి యొకడు, “ఇటువంటివానిని బయటికేల తెచ్చితివమ్మా?” యని తల్లిని అడిగెను. మేమేమియు ననలేదు. ఒక అడుగు వెనుకకు మాత్రము వేసితిమి. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ యడుగే కారణము.

తల్లి కోపింపలేదు. “ఇంట్లనే ఉంచితె బస్సెక్కుడు ఎట్ల నేర్తడు సారూ?” అనెను.

అప్పుడు చెవియొగ్గి వింటిమి. “బస్సు ఆగాలె. దిగేటోళ్లు దిగాలె. అప్పుడు ఎక్కాలె.” తల్లి నేర్పిన పాఠమును అతడు వల్లించుకొనుచుండెను. బస్సు వచ్చెను. పత్రిక పట్టుకొన్న పెద్దమనిషి దిగువారిని మోచేతితో నెట్టి లోనికి దూరెను. దిగువారు దిగువరకు ఆగినవాడు ఆ గుంపులో ఆ బాలుడొక్కడే.

ఆరేండ్ల బిడ్డ ఇట్లే చేతులాడించిన “పాప”మందుము, మిఠాయి చేతిలో బెట్టుదుము. ఆ బిడ్డయే 15 ఏండ్లవాడు కాగానే ఆ చేష్టయే మనకు భయము పుట్టించును. మారినది స్వభావము కాదు, ఎత్తు. ఎదిగినకొలది బడి, బంధువుల యిల్లు, పెండ్లిపందిరి, ఒక్కొక్క తలుపే మూసికొనిపోవును. అక్కకు సంబంధము చూడవచ్చు దినమున తమ్ముని పెరటిగదిలో నుంచి గొళ్ళెము పెట్టు చదువుకొన్న కుటుంబములు మన యెరుకలో లేవా? చదువరులారా, “ఆ యింటిలో ఏదో యున్నదట” యని అట్టి సంబంధమును వదలుకొన్నవారము మనలో నెందరము? తల్లి చేయి గొళ్ళెముమీద నున్నది గాని, దానిని పెట్టించినది మనమే.

కన్నులలోనికి చూడడని మన మొదటి ఫిర్యాదు. విచిత్రము! మన చిన్ననాట పెద్దలయెదుట తలయెత్తి సూటిగా చూచినందులకే చీవాట్లు తింటిమి. నేడు చూడనివాడు పొగరుబోతో మందమతియో యగుచున్నాడు. ఆ బాలుని స్థితికి వైద్యులేమి పేరు పెట్టిరో మేమడుగలేదు. ఆటిజముగల పిల్లలలో కొందరికి ఎదుటివాని చూపును మాటను ఒక్కమారే భరించుట కష్టము. మాట వినుటకే వారు చూపు త్రిప్పుకొందురు. మిక్సీ చప్పుడునకు చెవులు మూసికొందురు. ఇది పిచ్చియు గాదు, పెంపకపు దోషమును గాదు. 1943లో లియో కానరను వైద్యుడు 11 మంది పిల్లలను గూర్చి వ్రాసిన పిదప ఈ స్థితి వైద్యలోకమున చర్చకు వచ్చెను. అటుపిమ్మట చాల యేండ్లు పాశ్చాత్య వైద్యులు సైతము తల్లి ప్రేమ చాలకపోవుటయే కారణమని నిందించి, తుదకు ఆ మాట తప్పని విడిచిరి. వారు విడిచినను మన యరుగులమీద అది ఇంకను వినబడుచునేయున్నది.

భాగవతములోని జడభరతుని కథ చెప్పి కొందరు మిత్రులు ఊరడింతురు. నేలమీది ప్రాణులను త్రొక్కకుండ నడుగులు వేయగా పల్లకి కుదిపెను, రహూగణుడు గేలిచేసెను, తీరా చూడగా మోయువాడు మహాజ్ఞాని. కథ మంచిదే. కాని జ్ఞాని కానిచో? పల్లకి మోయువాడు పల్లకి మోయువాడే యైనచో రాజుగారి గేలి న్యాయమగునా? మాకు పంచతంత్రపు పీఠికయే యెక్కువ పనికివచ్చును. అమరశక్తి కొడుకులు మువ్వురకు చదువు అంటలేదు. వ్యాకరణమునకే పండ్రెండేండ్లు పట్టునని సభలోనివారనగా, విష్ణుశర్మ కథలు చెప్ప మొదలిడెను. ఆరు నెలలలో పని యయ్యెను. అచ్చట మొదట మారినది పిల్లలు కారు, పాఠము.

ఇది తెలిసియు మేము చేసినది వినుడు. మా తరగతిలో ఒక బాలుడుండెను. ప్రశ్న వేయుదుము, మౌనము. ప్రక్కవాని నడుగుదుము, అప్పుడు మొదటివాని జవాబు వచ్చును. అధికప్రసంగమని వెనుక బల్లకు పంపితిమి. అతనికి జవాబు రాకపోలేదు, మాకు వేచియుండుట రాలేదు. ఈ సంగతి మాకు తెలియుటకు ఒక సంవత్సరము పట్టెను. అప్పటికతడు బడి మానెను.

చట్టము లేదనుటకు వీలులేదు. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. 40 శాతమునకు తగ్గని వైకల్యముగల 6 మొదలు 18 ఏండ్లవారికి పొరుగు బడిలో గాని, కోరిన ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితవిద్య హక్కని చెప్పినది. బుద్ధివికాసమున వెనుకబడినవారి కొరకు 1984లో నెలకొల్పిన జాతీయసంస్థ సికింద్రాబాదు మనోవికాసనగరులోనే యున్నది. చిన్న మంగళారమునుండి ఒక్క దినములో పోయిరాదగిన దూరము. అచ్చట పిల్లలకు నేర్పువారును, తల్లిదండ్రులకు దారి చూపువారును గలరు. పత్రిక పట్టుకొన్న పెద్దమనుష్యులకు మాత్రము తరగతి లేదు.

ఇట్టివాని నుంచినచో తక్కిన పిల్లల చదువు చెడునని మా వృత్తిలోనివారే వాదింతురు. ఆ బాలుడు పోయిన పిమ్మట మేము ప్రశ్న వేసి, మనస్సులో పది లెక్కించి, జవాబుకొరకు ఆగుట మొదలిడితిమి. మొదటి వారము ఆ పది లెక్కించుట మాకే కష్టమైనది. తరువాత కొత్తగా నోరు విప్పినవారిలో పెక్కుమంది ఏ వైకల్యమును లేనివారే.