వస్త్రవిచారము: మల్లన్న తలపాగా

పాగా యనగానే మగవారి యాడంబరమని మనము తలంతుము. మా యెరుకలో నది పనివాని వస్త్రము. ఎండకు తల గాచును, చెమట దుడుచును, మోతకు చుట్టకుదురగును. బావిలో త్రాడు చాలనిచో చేదకు తోడగును. కుట్టుపని లేదు, ఉదుకుట సులభము. ఉదుకువారము మేమే గావున నిది చిన్న గుణము కాదు.

ఓడవాండ్ర దుస్తులయందును నింతే. ఆంగ్లనావికుల మెడలోని నల్లని పట్టురుమాలు 1805లో యుద్ధమున గూలిన నెల్సన్ నావికాధిపతికై ధరించిన శోకచిహ్నమని లోకులందురు. అంతకు మున్నే వారు దానిని చెమటకై కట్టుచుండిరి.

శ్రీశైలమున మహాశివరాత్రినాడు కల్యాణమునకు మున్ను మల్లికార్జునస్వామిని పెండ్లికొమారుని జేయునదియు నీ పాగాయే. చీరాల నేతవారు దినమునకొక మూర చొప్పున ఏడాదిపొడవున దీనిని నేయుదురు. లింగోద్భవవేళ దీపములన్నియు నార్పగా, నేతగాడు దిగంబరుడై గర్భాలయశిఖరము మొదలు ముఖమండపముమీది నవనందులవరకు జుట్టును. అంత యెత్తున, కన్ను గానని చీకటిలో, అంతపొడవు గుడ్డ చిక్కుపడకుండ నడపుటకు భక్తి యొక్కటియే చాలదు. చేతికి పని తెలిసియుండవలెను.

ఆ చేతిని లోకము పొగడుట న్యాయమే. కాని చేనేత యిండ్లలో నూలు తోడుట, కండెలు చుట్టుట తరచుగా నాడువారి పనులు. ఇవి లేక మగ్గము కదలదు. వీనికి వేరుగా కూలి గట్టుట యరుదు; మగ్గమువానికిచ్చు కూలిలోనే యవి కలిసిపోవును.